యూదు క్యాలెండర్‌లో ఆధునిక చరిత్ర తేదీలు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇజ్రాయెల్ స్వాతంత్ర్యం ప్రకటించుకున్నది 1948 మే 14న. యూదుల లెక్కలో అది 5708వ సంవత్సరం, ఇయ్యార్ నెల 5వ తేదీ. కానీ ఆ దేశంలో ఈ పండుగను మే 14కి కట్టుబడి చేయరు. చాలా ఏళ్లలో ఇయ్యార్ 5న కూడా చేయరు. తికమక ఇక్కడే మొదలవుతుంది. చరిత్ర విద్యార్థులు, చర్చిలో బైబిల్ పాఠాలు చెప్పేవాళ్లు, వాట్సాప్‌లో వచ్చిన "తేదీల అద్భుతం" నిజమో కాదో తేల్చుకోవాలనుకునేవాళ్లు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు జవాబులు ఇవి.

యూదు క్యాలెండర్ మన పంచాంగం లాంటిదేనా?

చాలావరకు అంతే. నెలలు చంద్రుణ్ని బట్టి, సంవత్సరం సూర్యుణ్ని బట్టి నడుస్తాయి. నెల అమావాస్య దాటాక మొదలవుతుంది, 14, 15 తేదీలకు పౌర్ణమి వస్తుంది. చాంద్రమాసాలు పన్నెండు కలిపితే సౌర సంవత్సరానికి పదకొండు రోజులు తక్కువ పడతాయి కాబట్టి మనకు అధిక మాసం ఉన్నట్టే వాళ్లకూ ఒకటి ఉంది.

తేడా లెక్క కట్టే తీరులో ఉంది. మన అధిక మాసం సంక్రమణం లేని నెలను బట్టి వస్తుంది, ఒక్కోసారి ఒక్కో నెలకు పడుతుంది. యూదులది స్థిరమైన 19 ఏళ్ల చక్రం. అందులో 3, 6, 8, 11, 14, 17, 19వ ఏళ్లకు అదనపు నెల ఉంటుంది, అదీ ఎప్పుడూ అదార్ దగ్గరే. ఆ ఏడాది మొదటి అదార్, రెండో అదార్ అని రెండు వస్తాయి. పూర్వం నెలవంకను చూసిన సాక్షులు చెబితేనే నెల మొదలయ్యేది. క్రీ.శ. 4వ శతాబ్దంలో రెండో హిల్లేల్ అనే పెద్ద ఈ పద్ధతిని గణితానికి మార్చాడని సంప్రదాయం చెబుతుంది. ఇప్పుడు నడుస్తున్నది పూర్తిగా లెక్కే. అందుకే ఉగాది ఏ రోజని సిద్ధాంతులు వాదించుకున్నట్టు అక్కడ వాదన రాదు. వందేళ్ల కిందటి తేదీ అయినా, వందేళ్ల తర్వాతి తేదీ అయినా లెక్క ఒక్కటే.

నెలల పేర్లు తెలుగు బైబిల్ చదివేవాళ్లకు కొత్త కావు. నీసాను, సీవాను, ఏలూలు, కిస్లేవు, అదారు అని అందులో ఉన్నవే ఇవి. ఇక్కడ వాడుక ఉచ్చారణ ప్రకారం నీసాన్, సివాన్, ఏలూల్, కిస్లేవ్, అదార్ అని రాస్తున్నాం.

సంవత్సరం సంఖ్య ఎలా కట్టాలి?

జనవరి నుంచి యూదు కొత్త సంవత్సరం దాకా ఇంగ్లిష్ ఏడాదికి 3760 కలపండి. కొత్త సంవత్సరం దాటాక 3761. ఆ పండుగ పేరు రోష్ హషానా, తిష్రీ 1న వస్తుంది, అంటే సెప్టెంబర్‌లో గానీ అక్టోబర్ మొదట్లో గానీ. 1948 మే అంటే 5708. 1973 అక్టోబర్ 6 అంటే 5734. సృష్టి జరిగిన నాటి నుంచి లెక్క అని సంప్రదాయం.

మరి రోజు ఎప్పుడు మొదలవుతుంది? అర్ధరాత్రికా?

కాదు, సూర్యాస్తమయానికి. తేదీలు కలపడంలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడివే. ఆదికాండం మొదటి అధ్యాయంలో అస్తమయం ముందు, ఉదయం తర్వాత వస్తాయి, ఆ వరస నుంచే ఈ ఆచారం వచ్చింది. మనకు తిథి సూర్యోదయాన్ని బట్టి, ప్రభుత్వ తేదీ అర్ధరాత్రిని బట్టి. వాళ్లకు రాత్రి ముందు, పగలు తర్వాత.

దీనికి అందరూ చెప్పే ఉదాహరణ ఇజ్రాయెల్ ప్రధాని ఇత్జాక్ రబిన్ హత్య. 1995 నవంబర్ 4, శనివారం రాత్రి, టెల్ అవీవ్‌లో శాంతి సభ ముగిశాక కాల్చి చంపారు. నవంబర్ 4 పగలు యూదు తేదీ హెష్వాన్ 11. హత్య జరిగేసరికి పొద్దుగూకి గంటలు గడిచాయి కాబట్టి తేదీ హెష్వాన్ 12కి మారిపోయింది. 1997లో చేసిన చట్టం కూడా రబిన్ స్మారక దినాన్ని హెష్వాన్ 12గానే పెట్టింది. సమయం చూడకుండా ఇంటర్నెట్‌లో తేదీలు మార్చే కన్వర్టర్‌లో నవంబర్ 4 కొడితే 11 వస్తుంది. ఎవరైనా 11 అని రాస్తే కారణం అదే.

1938లో నాజీ జర్మనీలో యూదుల ప్రార్థనా మందిరాలు తగలబెట్టిన "క్రిస్టల్‌నాఖ్ట్" సంగతీ అంతే. నవంబర్ 9 పగలు హెష్వాన్ 15. విధ్వంసం జరిగిన రాత్రి మాత్రం హెష్వాన్ 16. ఘటన ఏ గంటకు జరిగిందో తెలియకుండా యూదు తేదీ రాయకూడదు. తెలియకపోతే రెండు తేదీలూ రాయడమే మర్యాద.

సూర్యాస్తమయం అంటే ఎక్కడి సూర్యాస్తమయం?

ఘటన జరిగిన చోటిది. చెప్పడానికి తేలిక, కొన్నిసార్లు తలనొప్పి.

పాలస్తీనా విభజనపై ఐక్యరాజ్యసమితి ఓటింగ్ న్యూయార్క్‌లో 1947 నవంబర్ 29న జరిగింది. పగటి తేదీకి కన్వర్టర్ చెప్పేది కిస్లేవ్ 16. ఫలితం రేడియోలో విని జెరూసలేంలో జనం వీధుల్లోకి వచ్చేసరికి అక్కడ అర్ధరాత్రి దాటింది, అక్కడి లెక్కలో కిస్లేవ్ 17 నడుస్తోంది. తమాషా ఏమిటంటే ఇజ్రాయెల్‌లో ఈ రోజును యూదు తేదీతో గుర్తుపెట్టుకోరు. "కాఫ్ తెత్ బె నవంబర్", అంటే నవంబర్ 29 అనే అంటారు, ఆ పేరుతో వీధులు కూడా ఉన్నాయి. అదే స్వాతంత్ర్య ప్రకటన దగ్గరికి వచ్చేసరికి "హే బె ఇయ్యార్", ఇయ్యార్ 5. ఏ ఘటన ఏ క్యాలెండర్‌తో జనం నోట్లో నిలుస్తుందో చెప్పే సూత్రం లేదు. ఓటింగ్ ప్రపంచ దేశాలది, ప్రకటన తమది అనే భావన ఏమైనా పనిచేసిందేమో అని నాకు అనిపిస్తుంది.

చంద్రుడి మీద మనిషి దిగిన ఘటన ఇంకా బాగుంటుంది. అపోలో 11 దిగినప్పుడు హ్యూస్టన్‌లో 1969 జూలై 20 మధ్యాహ్నం మూడు దాటింది, అక్కడ ఆవ్ 5. అదే క్షణానికి జెరూసలేంలో రాత్రి, ఆవ్ 6. ఆర్మ్‌స్ట్రాంగ్ అడుగు పెట్టేసరికి హ్యూస్టన్‌లోనూ చీకటి పడి ఆవ్ 6 వచ్చేసింది. మనకు అప్పటికే జూలై 21 తెల్లారింది. దిగడం ఒక తేదీ, అడుగు పెట్టడం మరో తేదీ. చంద్రుడి మీద సూర్యాస్తమయం సంగతి అడగకండి.

కొన్నిసార్లు ఈ పద్ధతే చిక్కు విప్పుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జర్మనీ లొంగుబాటును పశ్చిమ దేశాలు 1945 మే 8న, రష్యా మే 9న జరుపుకొంటాయి. కారణం, అది అమల్లోకి వచ్చింది మధ్య యూరప్ కాలమానంలో మే 8 రాత్రి 11 దాటాక. అప్పటికి మాస్కోలో తేదీ మారింది. యూదు లెక్కలో ఈ గొడవే లేదు. బెర్లిన్‌లో చీకటి పడిపోయింది కాబట్టి రెండు చోట్లా ఇయ్యార్ 26. ఆ తేదీని విమోచన దినంగా పాటించే యూదులు ఉన్నారు.

అంతర్జాతీయ దినరేఖ దగ్గర ఇంకో రకం సమస్య. యుద్ధకాలంలో యూరప్ నుంచి పారిపోయి జపాన్‌లోని కోబే చేరిన యూదు శరణార్థులు 1941లో యోమ్ కిప్పూర్ ఉపవాసం ఏ రోజు చేయాలని పెద్దలను అడగాల్సి వచ్చింది. యూదు ధర్మం ప్రకారం దినరేఖ ఎక్కడుందో పండితులకే ఏకాభిప్రాయం లేదు.

స్వాతంత్ర్య దినం తేదీ ముందుకూ వెనక్కీ ఎందుకు మారుతూ ఉంటుంది?

శనివారం విశ్రాంతి దినం, సబ్బాతు. ఆ రోజు పండుగ హడావిడి కుదరదు. ఇయ్యార్ 5 శుక్రవారం గానీ శనివారం గానీ వస్తే వేడుకను ముందున్న గురువారానికి జరుపుతారు. సోమవారం వస్తే మంగళవారానికి వాయిదా వేస్తారు. ఎందుకంటే అంతకు ముందు రోజు అమరవీరుల స్మారక దినం. అది ఆదివారం అయితే ముందు రోజు సాయంత్రమే, సబ్బాతు ముగుస్తుండగానే, ఏర్పాట్లు మొదలుపెట్టాలి. ఈ వాయిదా నియమం 2004 నుంచి ఉంది.

లెక్క ప్రకారం ఇయ్యార్ 5 సోమ, బుధ, శుక్ర, శని వారాల్లోనే రాగలదు. అంటే బుధవారం వచ్చిన ఏడాది మాత్రమే వేడుక అసలు తేదీన జరుగుతుంది. 2023లో ఏప్రిల్ 26న అలా జరిగింది. 2024లో ఇయ్యార్ 5 మే 13 సోమవారం, వేడుక మే 14న. అనుకోకుండా ఇంగ్లిష్ తేదీ కలిసింది. 2025లో ఇయ్యార్ 5 మే 3 శనివారం, వేడుక మే 1న.

కాబట్టి "ఈ ఏడాది స్వాతంత్ర్య దినం ఇయ్యార్ 3న" అని వార్తలో కనిపిస్తే చరిత్ర మారిపోయిందని కంగారు పడకండి. ఘటన తేదీ వేరు, పాటించే తేదీ వేరు.

హోలోకాస్ట్ స్మారక దినం నీసాన్ 27 ఎందుకు? ఆ రోజు ఏం జరిగింది?

ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. అసలు విషయం అదే. నాజీలు యూదులను బంధించి ఉంచిన వార్సా నగరపు పేటలో (వార్సా ఘెట్టో) తిరుగుబాటు మొదలైన రోజును పాటించాలని చాలామంది కోరుకున్నారు. అది 1943 ఏప్రిల్ 19, నీసాన్ 14, పస్కా పండుగ ముందు రోజు. పండుగ ముంగిట్లో సంతాపం పెట్టడం మతపరంగా కుదరదు. పండుగ అయ్యాక, స్వాతంత్ర్య దినానికి ముందు, తిరుగుబాటు ఇంకా నడుస్తున్న రోజుల్లో పడేలా ఇజ్రాయెల్ పార్లమెంటు 1951లో నీసాన్ 27 ఖరారు చేసింది. 1959లో దానికి చట్టం వచ్చింది. అంటే ఇది చర్చలు జరిపి కుదుర్చుకున్న తేదీ.

ఐక్యరాజ్యసమితి పాటించే అంతర్జాతీయ దినం వేరు, జనవరి 27. 1945లో నాజీల ఆష్విట్జ్ మరణ శిబిరం విముక్తమైన రోజు అది, యూదు తేదీ షెవాత్ 13.

2023 అక్టోబర్ 7 దాడిని ఏ తేదీన స్మరించుకుంటారు?

రెండు తేదీల్లోనూ. ఆ రోజు తిష్రీ 22, శనివారం, పైగా ఇజ్రాయెల్‌లో సింహాత్ తోరా పండుగ. తోరా (ధర్మశాస్త్రం) చుట్టలను ఎత్తుకొని నాట్యం చేసే రోజు. పండుగ రోజున ప్రభుత్వ సంతాప సభ పెట్టలేరు కాబట్టి అధికారిక స్మారక దినాన్ని తిష్రీ 24కి పెట్టారు. 2024లో తిష్రీ 24 శనివారం వచ్చింది, సభ మర్నాడు అక్టోబర్ 27న జరిగింది. 2025లో అది అక్టోబర్ 16. బాధిత కుటుంబాలు మాత్రం అక్టోబర్ 7నే సభలు పెట్టుకున్నాయి.

ఇది కేవలం లెక్కల విషయం కాదు. సంతోషించమని ధర్మం చెప్పిన రోజే ఇంట్లో వర్ధంతి అయితే ఏం చేయాలన్న ప్రశ్న ఆ కుటుంబాలకు ప్రతి ఏడాదీ ఎదురవుతుంది.

1973 యుద్ధానికి అన్ని పేర్లెందుకు?

మూడు క్యాలెండర్లు కాబట్టి. 1973 అక్టోబర్ 6, శనివారం మధ్యాహ్నం రెండు గంటల వేళ ఈజిప్టు, సిరియా దాడి చేశాయి. యూదులకు అది తిష్రీ 10, ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్. ముస్లింలకు హిజ్రీ 1393 రమదాన్ 10. అందుకే ఒకరికి యోమ్ కిప్పూర్ యుద్ధం, మరొకరికి రమదాన్ యుద్ధం, ఏదీ వద్దనుకునేవాళ్లకు అక్టోబర్ యుద్ధం. ఈజిప్టులో "అక్టోబర్ 6" పేరుతో ఒక నగరం, "రమదాన్ 10" పేరుతో ఇంకో నగరం ఉన్నాయి.

రెండు మతాల్లోనూ పదో తేదీయే పడటంలో మాయ లేదు. రెండూ చాంద్రమాన క్యాలెండర్లు, రెండింటికీ నెల ఒకే అమావాస్య తర్వాత మొదలైంది. ఆమాటకొస్తే మన ఆశ్వయుజ మాసమూ ఆ అమావాస్యతోనే మొదలైంది, అవి మనకు దసరా రోజులు. యోమ్ కిప్పూర్, విజయదశమి తరచూ కలుస్తాయి: 2024లో రెండూ అక్టోబర్ 12న, 2025లో రెండూ అక్టోబర్ 2న వచ్చాయి. 2023లో మాత్రం యోమ్ కిప్పూర్ సెప్టెంబర్ 25న, దసరా అక్టోబర్ చివర్లో వచ్చాయి. ఆ ఏడాది మనకు అధిక శ్రావణం వచ్చి నెల వెనక్కి జరిగింది. తేదీల పోలికలు చూసి ఆశ్చర్యపోయే ముందు అడగాల్సిన మొదటి ప్రశ్న ఇదే: రెండు క్యాలెండర్లూ ఒకే చంద్రుణ్ని చూసి కట్టినవి కావా?

యూదుల విషాదాలన్నీ ఆవ్ 9నే జరిగాయంటారు. నిజమేనా?

అన్నీ కాదు. ఈ ప్రశ్న ఎక్కువగా వస్తుంది కాబట్టి కాస్త వివరంగా.

ఆవ్ 9, తిషా బె ఆవ్, ఉపవాస దినం. జెరూసలేం దేవాలయం రెండుసార్లు నాశనమైంది, క్రీ.పూ. 586లో బబులోనువాళ్ల చేతుల్లో, క్రీ.శ. 70లో రోమన్ల చేతుల్లో. ఆ రెండింటికీ ఇది సంతాప దినం. తర్వాతి కాలంలో దీనికి చాలా ఘటనలు చేర్చారు. ఒక్కొక్కటీ విడిగా చూడాలి.

మొదటి ప్రపంచ యుద్ధం: జర్మనీ రష్యా మీద యుద్ధం ప్రకటించింది 1914 ఆగస్టు 1న. అది కచ్చితంగా ఆవ్ 9. సబ్బాతు కావడంతో ఆ ఏడాది ఉపవాసం మర్నాటికి జరిగింది. కానీ ఆస్ట్రియా హంగరీ సెర్బియా మీద యుద్ధం ప్రకటించింది జూలై 28న, ఆవ్ 5. యుద్ధం ఎప్పుడు మొదలైందంటే చాలా చరిత్ర పుస్తకాలు చెప్పేది జూలై 28నే. ఏ తేదీ కావాలో ముందే అనుకొని దానికి సరిపడే "ప్రారంభం" ఎంచుకుంటే ఏదైనా కలుస్తుంది.

స్పెయిన్ నుంచి యూదుల బహిష్కరణ: 1492లో రాజాజ్ఞ గడువు జూలై 31. అది ఆవ్ 7. చివరివాళ్లు ఆవ్ 9న వెళ్లారని సంప్రదాయ కథనం. దగ్గరే, కానీ అదే కాదు.

వార్సా ఘెట్టో నుంచి ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలింపులు 1942 జూలై 22న మొదలయ్యాయి. పగలు ఆవ్ 8, సాయంత్రం నుంచి ఆవ్ 9. ఘెట్టో యూదు మండలి అధ్యక్షుడు ఆడమ్ చెర్నియాకోవ్ తరలింపు జాబితాలకు ఒప్పుకోలేక ప్రాణం తీసుకున్నది జూలై 23న, ఆవ్ 9. ఇక్కడ కలయిక నిజం.

బ్యూనస్ ఎయిరిస్‌లో యూదు కేంద్రంపై బాంబు దాడి 1994 జూలై 18న జరిగింది. అది ఆవ్ 10. ఆవ్ 9 అని రాసేవాళ్లు ఒక రోజు లాగేస్తున్నారు.

ఇక కారణ సంబంధం ఉన్నవి వేరే కోవ. 1929లో ఆవ్ 9 నాడే, ఆగస్టు 15న, జెరూసలేం పశ్చిమ గోడ దగ్గర యూదు యువకులు ప్రదర్శన చేశారు, ఉపవాస దినం కాబట్టే ఆ రోజు ఎంచుకున్నారు. అక్కడ రాజుకున్న ఉద్రిక్తత ఆగస్టు 24న హెబ్రోన్‌లో యూదుల ఊచకోత దాకా వెళ్లింది, అది ఆవ్ 18. ఈ గొలుసులో ఆవ్ 9కి నిజమైన పాత్ర ఉంది, ఊచకోత జరిగింది మాత్రం ఆ తేదీన కాదు. 2005లో గాజా నుంచి యూదు స్థావరాలను ఖాళీ చేయించినప్పుడు దీనికి ఎదురు జరిగింది. ఈ సంతాప దినాలు దాటేదాకా ప్రభుత్వం ఆగింది. ఆవ్ 9 ఆగస్టు 14న వెళ్లింది, పని 15న మొదలైంది.

చేత్తో సరిచూసుకోవడానికి ఒక కిటుకు ఉంది. పస్కా మొదటి రోజుకు, ఆవ్ 9కి మధ్య ఎప్పుడూ సరిగ్గా 112 రోజులు, అంటే పదహారు వారాలు. రెండూ వారంలో ఒకే రోజున వస్తాయి. 1914లో పస్కా ఏప్రిల్ 11 శనివారం. లెక్కపెట్టి చూడండి, ఆగస్టు 1 శనివారం వస్తుంది.

స్టాలిన్ పూరీము పండుగ రోజు చనిపోయాడా?

లేదు. పూరీము అంటే యూదులను చంపించాలని హామాను పన్నిన కుట్ర విఫలమైనందుకు వేషాలు, మాస్కులు వేసుకొని చేసే పండుగ. 1953లో అది, అదార్ 14, మార్చి 1న వచ్చింది. పక్షవాతంతో నేల మీద పడి ఉన్న స్టాలిన్‌ను చూసింది ఆ రోజు రాత్రి. ప్రాణం పోయింది మార్చి 5 రాత్రి, అదార్ 19. యూదు వైద్యుల మీద కుట్ర కేసు నడుస్తున్న సమయం అది, హామాను కథతో పోలిక పెట్టడానికి జనానికి తోచడం సహజం. పోలిక బాగుంది కదా అని తేదీని వెనక్కి లాగకూడదు.

న్యూరెంబర్గ్ తీర్పు ప్రకారం పదిమంది నాజీ నాయకులను ఉరి తీసింది 1946 అక్టోబర్ 16న. ఎస్తేరు గ్రంథంలో హామాను పదిమంది కొడుకుల ఉరితో దీన్ని కలుపుతారు. ఉరికంబం ఎక్కుతూ జూలియస్ స్ట్రైఖర్ "పూరీము పండుగ 1946" అని అరిచాడన్నది నిజమే. తేదీ మాత్రం పూరీముది కాదు. అది తిష్రీ 21, పర్ణశాలల పండుగ ఏడో రోజు.

పూరీముతో నిజంగా కలిసింది ఒకటుంది. 1991 గల్ఫ్ యుద్ధంలో కాల్పుల విరమణ ఫిబ్రవరి 28న వచ్చింది, అదార్ 14. ఇరాక్ క్షిపణుల భయంతో గ్యాస్ మాస్కులు పెట్టుకొని వారాలు గడిపిన ఇజ్రాయెల్ జనానికి ఆ ఏడాది పండుగ మాస్కులు వేరే రకంగా గుర్తుండిపోయాయి.

రక్త చంద్రులు యూదు పండుగల నాడే వచ్చాయని 2014లో ప్రచారం జరిగింది కదా?

వచ్చాయి. 2014 ఏప్రిల్ 15, అక్టోబర్ 8, 2015 ఏప్రిల్ 4, సెప్టెంబర్ 28, నాలుగూ సంపూర్ణ చంద్రగ్రహణాలే, నాలుగూ పస్కా, పర్ణశాలల పండుగల దగ్గరే. చంద్రగ్రహణం పౌర్ణమికి తప్ప రాదు, ఆ రెండు పండుగలూ పౌర్ణమికే వస్తాయి, రెండింటి మధ్య సాధారణంగా ఆరు నెలలు. గ్రహణాలూ సుమారు ఆరు నెలలకోసారి వస్తాయి. వసంతంలో, శరత్తులో గ్రహణం పడితే పండుగ దగ్గర్లో ఉండక ఎక్కడికి పోతుంది?

పాత రష్యా ఘటనలకు రెండు తేదీలు కనిపిస్తాయి. ఏది తీసుకోవాలి?

రష్యా 1918 దాకా జూలియన్ క్యాలెండర్ వాడింది. 20వ శతాబ్దంలో అది మన ఇంగ్లిష్ తేదీ కంటే 13 రోజులు వెనక. కిషినేవ్‌లో యూదులపై దాడులు పాత లెక్కలో 1903 ఏప్రిల్ 6, 7, కొత్త లెక్కలో ఏప్రిల్ 19, 20. కన్వర్టర్‌లో కొత్త తేదీయే వేయాలి. అప్పుడు మొదటి రోజు నీసాన్ 22 వస్తుంది, ఇజ్రాయెల్ బయటి యూదులకు పస్కా చివరి రోజు. పాత తేదీ వేస్తే నీసాన్ 9 వచ్చి కథ మొత్తం తప్పుతుంది. దాడులు మొదలైన రోజే ఆర్థడాక్స్ క్రైస్తవులకు ఈస్టర్ కూడా.

మన దేశపు తేదీలను ఇలా మార్చవచ్చా?

మార్చవచ్చు, సరదాగా ఉంటుంది. 1947 ఆగస్టు 14 రాత్రి రాజ్యాంగ సభ సమావేశమై అర్ధరాత్రికి స్వాతంత్ర్యం అందుకున్నప్పుడు ఢిల్లీలో యూదు తేదీ 5707 ఆవ్ 29. మనకు అర్ధరాత్రి గంటతో తేదీ మారింది. యూదు లెక్కలో ఆ గంటకు ముందూ తర్వాతా ఒకే రోజు.

2008లో ముంబైలో నారిమన్ హౌస్‌లోని యూదు కేంద్రం మీద కూడా దాడి జరిగింది. దాడులు మొదలైన నవంబర్ 26 రాత్రి యూదు తేదీ హెష్వాన్ 29, పగటి తేదీ 28 కాదు.

ఇంకొకటి. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953 అక్టోబర్ 1 తిష్రీ 22, యూదులకు పెద్ద పండుగ. దీన్నుంచి ఎవరైనా అర్థం లాగితే ఏమంటాం? తిష్రీ నెలలో పండుగలు దట్టంగా ఉంటాయి, ఆ రోజుల్లో ఏ తేదీ వేసినా ఏదో ఒకటి తగులుతుంది. పాలస్తీనాలో యూదుల స్వస్థలానికి బ్రిటన్ మద్దతు తెలిపిన బాల్ఫోర్ ప్రకటన వెలువడిన 1917 నవంబర్ 2 హెష్వాన్ 17. ఒక లెక్క ప్రకారం నోవహు జలప్రళయం మొదలైన రోజూ అదే. ఆంధ్ర రాష్ట్రం విషయంలో నవ్వి ఊరుకునేవాళ్లు బాల్ఫోర్ దగ్గర ఎందుకు గంభీరంగా మారిపోతారో నాకు అర్థం కాదు.

తెలుగువాళ్లలో ఈ క్యాలెండర్ పాటించేవాళ్లు ఉన్నారా?

గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో బెనె ఎఫ్రాయిమ్ అనే చిన్న సమాజం ఉంది. తాము ఇశ్రాయేలు గోత్రాలకు చెందినవాళ్లమని చెప్పుకొంటారు, సబ్బాతు, యూదు పండుగలు పాటిస్తారు.

యూదు తేదీకి వచ్చే వార్షికోత్సవం మళ్లీ ఇంగ్లిష్ తేదీతో ఎప్పుడు కలుస్తుంది?

సుమారు 19 ఏళ్లకోసారి, అదీ ఒక రోజు అటూ ఇటూ. ఇయ్యార్ 5 1948లో మే 14. 1967లో మే 15, 1986లో మే 14, 2005లో మే 14, 2024లో మే 13. మీ పుట్టినరోజుకు 19, 38, 57 ఏళ్ల దగ్గర చూసుకోండి.

అదార్‌తో జాగ్రత్త. మామూలు ఏడాది అదార్‌లో చనిపోయినవారి వర్ధంతిని రెండు అదార్లున్న ఏడాదిలో ఏ అదార్‌లో చేయాలన్నది సముదాయాన్ని బట్టి మారుతుంది. హెష్వాన్ 30, కిస్లేవ్ 30 తేదీలు కొన్ని ఏళ్లలో అసలు ఉండవు, ఎందుకంటే ఆ రెండు నెలలు ఒక ఏడాది 29 రోజులు, ఇంకో ఏడాది 30.

కన్వర్టర్ వాడితే చాలదా?

చాలు, సరిగ్గా వాడితే. హెబ్‌కాల్ లాంటి ఉచిత కన్వర్టర్లలో "సూర్యాస్తమయం తర్వాత" అని ఒక గడి ఉంటుంది. చాలామంది దాన్ని చూడరు. ఘటన సాయంత్రం తర్వాత జరిగి ఉంటే అక్కడ టిక్ పెట్టాలి. ఘటన జరిగిన ఊరి స్థానిక తేదీనే వేయాలి, మన టీవీలో చూసిన తేదీని కాదు.

వ్యాసంలో ఎలా రాయాలి?

ముందు ఇంగ్లిష్ తేదీ, తర్వాత యూదు తేదీ, సంవత్సరంతో సహా: 1967 జూన్ 7, 5727 ఇయ్యార్ 28. రాత్రి ఘటన అయితే ఆ మాట కలపండి: 1995 నవంబర్ 4 రాత్రి, 5756 హెష్వాన్ 12. హీబ్రూ మూలాల్లో సంవత్సరాన్ని అక్షరాలతో రాస్తారు, వేల సంఖ్య వదిలేస్తారు. "తర్పత్ అల్లర్లు" అని కనిపిస్తే 5689, అంటే 1929. స్వాతంత్ర్య యుద్ధానికి వాడే "తషాహ్" 5708. పాటించే తేదీ రాస్తున్నట్టయితే అది పాటించే తేదీ అని విడిగా చెప్పండి.